కరెంటు రెప్పపాటు పోతే పీసీ రీస్టార్ట్, ఆన్ కావడానికి ఐదు నిమిషాలు: కొత్తది కొనాలా, దీన్నే బాగుచేసుకోవాలా?

నంద్యాల_నోట్స్ (ప్రశ్న):

2017లో అసెంబుల్ చేయించిన డెస్క్‌టాప్. ఐ5-6500 ప్రాసెసర్, హెచ్110 రకం మదర్‌బోర్డు, 8 జీబీ డీడీఆర్4 ర్యామ్ (ఒకటే స్టిక్కు), 1 టీబీ హార్డ్ డిస్క్, షాపువాళ్లు వేసిన 450 వాట్ల లోకల్ ఎస్‌ఎంపీఎస్ (లోపలి భాగాలకు కరెంటు ఇచ్చే డబ్బా), విండోస్ 10. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు. ఎక్సెల్, టాలీ, జీఎస్‌టీ రిటర్నులు, పిల్లల క్లాసులు, అప్పుడప్పుడు పేజ్‌మేకర్‌లో అను అనే తెలుగు ఫాంట్లతో కరపత్రాలు. అంతకు మించి పనేమీ లేదు. గేములు ఆడరు.

ఇప్పుడున్న ఇబ్బందులు ఇవి. స్విచ్ వేశాక మౌస్ మాట వినడానికి ఐదు నిమిషాలు పడుతోంది, టాస్క్ మేనేజర్‌లో డిస్క్ 100 శాతం దగ్గరే ఉంటోంది. ఇంట్లో ఇన్వర్టర్ ఉంది, పీసీ కూడా దాని లైను మీదే ఉంది, అయినా కరెంటు పోయి వస్తే రీస్టార్ట్ అవుతోంది. ఈ ఎండలకు మధ్యాహ్నం పూట కరెంటు పోకపోయినా ఒకటి రెండుసార్లు అలాగే అవుతోంది. పొద్దున ఆన్ చేస్తే తేదీ 2016కి వెళ్లిపోయి, బ్రౌజర్ ఏ సైటూ తెరవనంటోంది. చెప్పులు లేకుండా క్యాబినెట్ ముట్టుకుంటే చెయ్యి జిల్లుమంటోంది.

ఒక షాపులో మదర్‌బోర్డు పోయిందన్నారు, ఐ7, 16 జీబీ ర్యామ్ ఉన్న మరో పీసీ తక్కువలో ఇస్తామంటున్నారు. ఇంకోచోట ఫార్మాట్ కొడితే సరిపోతుందన్నారు. ఎవరి మాట వినాలి?

---

పాత_మదర్‌బోర్డు:

ఇద్దరి మాటా ఇప్పుడే వినకండి. మీరు చెప్పినవి ఒక జబ్బు లక్షణాలు కావు, నాలుగు వేరువేరు జబ్బులవి. నెమ్మది డిస్క్‌ది. తేదీ బటన్ సెల్‌ది. రీస్టార్ట్ కరెంటు వైపుదో వేడిదో. జిల్లుమనడం ఎర్తింగ్‌ది. ఈ నాలుగింటిలో మదర్‌బోర్డును అనుమానించడానికి ఇంకా ఏ ఆధారమూ లేదు. ఫార్మాట్ కొడితే రెండు వారాలు హాయిగా ఉన్నట్టు అనిపించి మళ్లీ మొదటికే వస్తుంది.

తేలికైన దానితో మొదలుపెడదాం. బోర్డు మీద రూపాయి బిళ్లంత సెల్ ఉంటుంది, పేరు సీఆర్2032, 3 వోల్టులు. రాత్రిపూట గోడ దగ్గర స్విచ్ కట్టేస్తే గడియారాన్ని నడిపేది అదొక్కటే. గోడ స్విచ్ వేసి ఉన్నప్పుడు ఎస్‌ఎంపీఎస్ నుంచి వచ్చే స్టాండ్‌బై కరెంటుతో గడియారం నడుస్తుంది, సెల్ మీద భారం పడదు. అందుకే రోజూ గోడ దగ్గర కట్టేసే ఇళ్లలో సెల్ త్వరగా అయిపోతుంది. మల్టీమీటర్‌తో 2.7 వోల్టుల కన్నా తక్కువ చూపిస్తే మార్చాల్సిందే. మార్చాక పీసీ ఆన్ చేస్తూ డిలీట్ కీ నొక్కి బోర్డు సొంత సెట్టింగులుండే బయోస్‌లోకి వెళ్లి తేదీ, టైము సరిచేయండి. సేటా (డిస్క్‌ను బోర్డుకి కలిపే లైను) మోడ్ అనేచోట ఏహెచ్‌సీఐ అని ఉందో లేదో చూడండి. సెల్ పోయినప్పుడు ఈ సెట్టింగులు ఫ్యాక్టరీవి అయిపోతాయి, మోడ్ మారితే విండోస్ లేవదు, అప్పుడు డిస్క్ పోయిందని కంగారుపడతారు. తేదీ తప్పుగా ఉంటే సైట్ల భద్రతా సర్టిఫికెట్లు ఇంకా మొదలే కాలేదన్నట్టు లెక్క, బ్రౌజర్ మొరాయించేది అందుకే.

ఇక డిస్క్. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాం పెట్టి నాలుగు వరుసల్లో అంకెలు చూసి ఇక్కడ రాయండి: 05, సీ5, సీ6, సీ7. మామూలుగా ఇవి హెక్సా అంకెల్లో కనిపిస్తాయి, ఫంక్షన్ మెనూలో రా వాల్యూస్ దగ్గర దశాంశానికి మార్చుకోండి. 05 అంటే పాడైపోతే పక్కనపెట్టేసిన సెక్టార్లు. సీ5 అంటే చదవలేక వాయిదా వేసినవి. సీ6 బాగుచేయలేనివి. సీ7 ఒక్కటే పెరుగుతుంటే డిస్క్‌ది తప్పు కాదు, సేటా కేబుల్‌ది. కేబుల్ మారిస్తే పోతుంది. ఈ తేడా చూడకుండా డిస్కులు పారేసేవాళ్లు చాలామంది.

రీస్టార్ట్‌కి: విండోస్ కీతో పాటు ఎక్స్ నొక్కి ఈవెంట్ వ్యూయర్ తెరవండి. విండోస్ లాగ్స్‌లో సిస్టమ్ అనేచోట కెర్నెల్-పవర్ 41 అనే ఎర్రగుర్తు వెతకండి. దాని వివరాల్లో బగ్‌చెక్ కోడ్ 0 అని ఉంటే విండోస్ కూలిపోలేదు, కింద నుంచి కరెంటే తెగింది. 0 కాకుండా వేరే అంకె ఉంటే బ్లూ స్క్రీన్ వచ్చింది, అది మీరు చూసేలోపే పోయింది. అప్పుడు ర్యామ్, డ్రైవర్ల వైపు చూడాలి.

ఒక మూడు నాలుగు రోజులు హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ప్రోగ్రాంలో ప్రాసెసర్ వేడి ఎంత వస్తుందో కూడా గమనించండి. పని లేనప్పుడు ఎంత, టాలీ, బ్రౌజర్ రెండూ తెరిచి ఉన్నప్పుడు ఎంత.

---

వోల్టేజీ_230:

డిస్క్ సంగతి పైన చెప్పారు, నేను కరెంటు వైపు చెప్తాను. నిజానికి మీ ప్రశ్నలో ఎక్కువ భాగం ఇక్కడే ఉంది.

ఇన్వర్టర్ వెనకో ముందో ఒక చిన్న స్విచ్ ఉంటుంది. ఒకవైపు యూపీఎస్ అని, రెండోవైపు ఈకో అనో ఇన్వర్టర్ అనో నార్మల్ అనో రాసి ఉంటుంది. పీసీ ఎస్‌ఎంపీఎస్ కరెంటు పోయాక తన కెపాసిటర్లలో నిల్వ ఉన్న దానితో పూర్తి లోడు మీద సుమారు 16 మిల్లీసెకండ్లు నెట్టుకురావాలన్నది ఏటీఎక్స్ ప్రమాణం. మంచిది అంతవరకైనా ఆగుతుంది. చౌకదీ పాతబడినదీ అంతసేపు ఆగదు. యూపీఎస్ మోడ్‌లో ఇన్వర్టర్ దాదాపు 10 మిల్లీసెకండ్లలోపు మారుతుంది. రెండో మోడ్‌లో దానికి మూడు నాలుగు రెట్లు పడుతుంది. ఫ్యానూ లైటూ ఆ తేడా గమనించవు, కంప్యూటర్ గమనిస్తుంది. కాబట్టి ముందు ఆ స్విచ్ ఎటు ఉందో చూడండి, ఇది పైసా ఖర్చు లేని పని.

ఒక తిరకాసు ఉంది. యూపీఎస్ మోడ్‌లో ఇన్వర్టర్ ఒప్పుకునే వోల్టేజీ హద్దు చిన్నది, చాలా మోడళ్లలో సుమారు 180 నుంచి 260 దాకా. మీ వీధిలో వేసవి మధ్యాహ్నం వోల్టేజీ 170కి పడిపోతుంటే మాటిమాటికీ బ్యాటరీ మీదకు మారి, బ్యాటరీ ఖాళీ అవుతుంది. అలా అయితే పీసీకి మాత్రం విడిగా ఒక యూపీఎస్ పెట్టి, ఇన్వర్టర్‌ను ఈకోలోనే వదిలేయడం నయం. ఇన్వర్టర్ స్క్వేర్ వేవ్‌ది (నున్నటి అలకు బదులు మెట్లలాంటి కరెంటు ఇచ్చేది) అయితే మాత్రం దాని వెనక యూపీఎస్ పెట్టొద్దు, ఆ కరెంటును యూపీఎస్ మంచి కరెంటుగా లెక్కచేయక తన బ్యాటరీ మీదే నడుస్తూ కూర్చుంటుంది. యూపీఎస్‌ను నేరుగా ఈబీ (కరెంటు ఆఫీసు) లైను మీద పెట్టండి.

జిల్లుమనడం. ఎస్‌ఎంపీఎస్ లోపల ఫేజు నుంచి, న్యూట్రల్ నుంచి క్యాబినెట్‌కి చెరొక చిన్న కెపాసిటర్ ఉంటుంది, కరెంటులోని రొద (నాయిస్) వడపోయడానికి. ఎర్తు సరిగా ఉంటే ఆ కాస్త లీకేజీ భూమిలోకి పోతుంది. ఎర్తు లేకపోతే క్యాబినెట్ మీద సరఫరాలో సగం, అంటే 110 వోల్టుల దాకా నిలుస్తుంది. కరెంటు చాలా తక్కువ కాబట్టి జిల్లుమని ఊరుకుంటుంది. కానీ ఆ స్థితిలోనే ప్రింటర్, హెచ్‌డీఎంఐ, యూఎస్‌బీ కేబుళ్లు పెట్టీ తీసీ చేస్తుంటే పోర్టులు కాలిపోతాయి. అంతకన్నా ముఖ్యం, ఎప్పుడైనా లోపల నిజంగా షార్ట్ అయితే ఆపేందుకు ఏమీ ఉండదు.

మల్టీమీటర్ ఏసీ వోల్టుల దగ్గర పెట్టి సాకెట్‌లో మూడు కొలతలు తీసుకోండి. ఫేజు–న్యూట్రల్ 230 దరిదాపుల్లో, ఫేజు–ఎర్తు దాదాపు అంతే, న్యూట్రల్–ఎర్తు రెండు మూడు వోల్టుల లోపు ఉండాలి. ఫేజు–ఎర్తు 80, 100 అంటూ తేలిపోతుంటే ఆ సాకెట్ దాకా ఎర్తు వైరు రాలేదు. మీటరు పట్టడం అలవాటు లేకపోతే ఎలక్ట్రీషియన్‌తోనే కొలిపించండి. సాకెట్‌లో ఎర్తు పిన్నును న్యూట్రల్‌కి లూప్ కొట్టి "అయిపోయింది సార్" అనే ఎలక్ట్రీషియన్లు ఉన్నారు. ఒప్పుకోకండి. ఏరోజైనా న్యూట్రల్ తెగితే క్యాబినెట్ మొత్తానికి 230 వోల్టులు వస్తాయి. ఎర్తు గుంత ఉండి కొలత బాగోలేకపోతే ఈ ఎండలకు గుంత ఎండిపోయి ఉంటుంది, నాలుగు బిందెల నీళ్లు పోసి మర్నాడు మళ్లీ కొలవండి.

ఇక ఆ 450 వాట్లు. లేబుల్ మీద 12 వోల్టుల గడిలో ఎన్ని ఆంపియర్లో చూడండి. 14 అని ఉంటే 168 వాట్లు, 16 అని ఉంటే 192. పైన పెద్ద అక్షరాల్లో 450 అని ఉన్నా మీ ప్రాసెసర్‌కి, ఫ్యాన్లకు, డిస్క్ మోటారుకు పనికొచ్చేది ఈ 12 వోల్టుల కరెంటే. నికార్సయిన 450 వాట్ల దానిలో 12 వోల్టుల దగ్గర 35 ఆంపియర్ల చుట్టూ ఉంటుంది. మీ పీసీ మొత్తం కలిపి 100 వాట్లు దాటడం కూడా అరుదు, కాబట్టి వాట్లు చాలక కాదు, లోపలి కెపాసిటర్లు ముసలివై నిల్వ శక్తి పోయింది. మధ్యాహ్నం వోల్టేజీ కాస్త కుంగినా పడిపోతున్నది అందుకే కావచ్చు. పీసీ నడుస్తుండగా ఖాళీగా ఉన్న నాలుగు పిన్నుల కనెక్టర్‌లో పసుపు–నలుపు వైర్ల మధ్య డీసీ కొలవండి. 11.4 నుంచి 12.6 మధ్య ఉండాలి. ఎరుపు–నలుపు మధ్య 4.75 నుంచి 5.25. ఎస్‌ఎంపీఎస్ డబ్బాను మాత్రం విప్పొద్దు. ప్లగ్గు పీకినా లోపలి పెద్ద కెపాసిటర్‌లో 300 వోల్టుల పైన డీసీ కొంతసేపు నిలిచి ఉంటుంది.

---

నంద్యాల_నోట్స్:

చూశానండీ. సెల్ 1.9 వోల్టులు ఉంది, మార్చాను, తేదీ నిలబడింది. డిస్క్: 05 దగ్గర 24, సీ5 దగ్గర 16, సీ6 దగ్గర 16, సీ7 సున్నా, పైన పసుపు రంగులో కాషన్ అని ఉంది. ఈవెంట్ 41లు పదకొండు ఉన్నాయి, అన్నింటిలో బగ్‌చెక్ కోడ్ 0. ఇన్వర్టర్ ఈకోలో ఉంది, ఇప్పుడు యూపీఎస్‌లో పెట్టాను. ఫేజు–ఎర్తు 94 వస్తోంది, అంటే ఎర్తు లేనట్టే, ఎలక్ట్రీషియన్‌కి చెప్పాను. 12 వోల్టుల దగ్గర 11.2. లేబుల్ మీద 14 ఆంపియర్లే. ప్రాసెసర్ ఊరికే ఉన్నప్పుడు 61 డిగ్రీలు, టాలీ, బ్రౌజర్ రెండూ తెరిస్తే 93. ఇప్పుడు ఏం కొనాలి, ఏది ముందు? డిస్క్‌ని ఉన్నదున్నట్టు కొత్తదానికి క్లోన్ చేసుకోవచ్చా?

---

పాత_మదర్‌బోర్డు:

ముందు కాపీ. కొనడం తర్వాత. సీ5 దగ్గర 16 ఉందంటే డిస్క్ ఇంకా నడుస్తుంది కానీ మాట ఇవ్వదు. డీఫ్రాగ్ (ఫైళ్లను సర్దడం) చేయొద్దు, చెక్‌డిస్క్ (డిస్క్ తనిఖీ) నడపొద్దు, ఫార్మాట్ కొట్టొద్దు. ఆ మూడూ జబ్బుపడిన డిస్క్‌ని గంటల తరబడి గీకిస్తాయి. ముందు పెన్‌డ్రైవ్‌లోకో బయటి డిస్క్‌లోకో అతి ముఖ్యమైనవి ఎక్కించండి: టాలీ డేటా ఫోల్డరు, డాక్యుమెంట్లు, డెస్క్‌టాప్, ఫోటోలు, పేజ్‌మేకర్ ఫైళ్లు. ఫోటోల ఫోల్డరు మొత్తం ఒకేసారి లాగకండి. ఎక్కడైనా పాడైన సెక్టారు తగిలితే అక్కడే ఇరుక్కుని మిగతాదంతా ఆగిపోతుంది. చిన్న చిన్న గుంపులుగా లాగండి.

మర్చిపోయేవి మూడు. టాలీ లైసెన్సు ఆ మెషీన్‌కి ముడిపడి ఉంటుంది, విండోస్ తీసేసే ముందు సాఫ్ట్‌వేర్ లోపలి నుంచే సరెండర్ చేయండి, అంటే ఈ మెషీన్ నుంచి విడిపించండి. లేకపోతే కొత్త డిస్క్ మీద మళ్లీ యాక్టివేట్ చేయడానికి తిప్పలు పడాలి. డీఎస్‌సీ (డిజిటల్ సంతకం) టోకెన్ డ్రైవర్ మళ్లీ దొరుకుతుందో లేదో ముందే దింపి పెట్టుకోండి. అను ఫాంట్లు, దాని స్క్రిప్ట్ మేనేజర్ సెటప్ ఫైలు విడిగా దాచండి. ఆ ఫాంట్లలో టైపు చేసింది యూనికోడ్ కాదు. ఫాంటు లేకపోతే పాత కరపత్రాలు తెరిచినా ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తుల గందరగోళమే కనిపిస్తుంది.

క్లోన్ వద్దు. మంచి డిస్క్ అయితే క్లోన్ తేలిక. దీని మీద చదవలేని చోట్లు ఉన్నాయి, క్లోన్ మధ్యలో ఆగిపోతుంది, లేదా చెడిన సిస్టమ్ ఫైళ్లతో సహా కొత్తదానికి అంటుకుంటుంది. కొత్తగా విండోస్ వేయడమే శుభ్రం.

కొనాల్సింది 500 జీబీ 2.5 అంగుళాల సేటా ఎస్‌ఎస్‌డీ, అంటే తిరిగే భాగాలు లేని డిస్క్. హెచ్110 బోర్డుల్లో చాలావాటికి ఎం.2 (బోర్డు మీదే గుచ్చే చిన్న ఎస్‌ఎస్‌డీ) సాకెట్ ఉండదు. ఉన్నా, మీ పనికి సేటా చాలు. తిరిగే డిస్క్ నిమిషానికి 7200 చుట్లు తిరిగి సెకనుకు వంద దాకా చిన్న చిన్న రీడింగులే ఇవ్వగలదు. ఎస్‌ఎస్‌డీ అదే సెకనులో పదివేలల్లో ఇస్తుంది. విండోస్ లేచేటప్పుడు చేసేదంతా ఆ చిన్న రీడింగులే కాబట్టి, ఐదు నిమిషాలు అర నిమిషానికి దిగుతుంది. కొంటున్నప్పుడు వారంటీ ఎన్నేళ్లో, ఎన్ని టీబీలు రాయొచ్చని ఇచ్చారో చూడండి. పేరూ ఊరూ లేని 1 టీబీ ఎస్‌ఎస్‌డీలు అతి చౌకగా కనిపిస్తే లోపల మెమరీ కార్డు అతికించినవి కూడా ఉంటున్నాయి, జోలికి పోకండి. సేటా డేటా కేబుల్ చాలా ప్యాకెట్లలో రాదు, విడిగా తెచ్చుకోండి.

వేసేటప్పుడు పాత డిస్క్ కేబుల్ పీకేసి, ఎస్‌ఎస్‌డీ ఒక్కటే తగిలించి ఇన్‌స్టాల్ చేయండి. రెండూ ఉంటే విండోస్ తన బూట్ ఫైళ్లను పాత డిస్క్ మీద పెట్టే అవకాశం ఉంది, రేపు అది పోతే కొత్తది కూడా లేవదు. 8 జీబీ పెన్‌డ్రైవ్ మీద మైక్రోసాఫ్ట్ మీడియా క్రియేషన్ టూల్‌తో బూటబుల్ చేసుకుని, బూట్ మెనూలో పెన్‌డ్రైవ్ పేరు ముందు యూఈఎఫ్ఐ అని ఉన్న వరుసనే ఎంచుకోండి. మీ విండోస్ అసలుదైతే బోర్డును గుర్తుపట్టి తానే యాక్టివేట్ అవుతుంది, కీ అడిగితే దాటేయండి. షాపులో "యాక్టివేటర్" కొట్టిన విండోస్ అయితే మాత్రం అదే పెన్‌డ్రైవ్‌తో మళ్లీ కొట్టించుకోవద్దు. జీఎస్‌టీ పాస్‌వర్డ్, బ్యాంకు లాగిన్ ఉన్న పీసీలో ఎవరో తెలియని వాళ్ల ప్రోగ్రాంకి అడ్మిన్ అధికారం ఇవ్వడమది.

ఎస్‌ఎస్‌డీకి డీఫ్రాగ్ అక్కర్లేదు, విండోస్ వారానికోసారి ట్రిమ్ (చెరిపేసిన చోట్లను శుభ్రం) చేసుకుంటుంది. 15, 20 శాతం ఖాళీ ఉంచితే చాలు. హార్డ్ డిస్క్ గరగరమంటూ ముందుగా చెప్పి పోతుంది, ఎస్‌ఎస్‌డీ చాలాసార్లు చెప్పకుండా పోతుంది. కాబట్టి టాలీ బ్యాకప్ వారం వారం పెన్‌డ్రైవ్‌లోకి తీయడం మానొద్దు. పాత డిస్క్‌ని బ్యాకప్‌కి వాడుదామని ఆలోచించకండి, సీ6 దగ్గర 16 ఉన్నదాని మీద నమ్మకం పెట్టుకోకూడదు.

వేడి: 93 అంటే ఎక్కువే. ఈ ప్రాసెసర్ 100 దగ్గర తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. మీది అక్కడికి ఏడు డిగ్రీల దూరంలో ఉంది. ప్రాసెసర్‌కి, దాని మీది కూలర్‌కి మధ్య పూసిన తొమ్మిదేళ్ల పేస్టు సున్నంలా ఎండి ఉంటుంది. ప్లగ్గు పీకి, పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టుకోండి, మిగిలిన కరెంటు పోతుంది. లోహపు భాగాన్ని ఒకసారి ముట్టుకుని ఒంట్లో స్టాటిక్ పోగొట్టుకోండి. ఫ్యాను రెక్కను వేలితో ఆపిపట్టి బ్లోయర్ కొట్టండి. వదిలేస్తే గాలికి విపరీతంగా తిరిగి బేరింగ్ పోతుంది. వ్యాక్యూమ్ క్లీనర్ గొట్టం బోర్డు దగ్గర పెట్టొద్దు, స్టాటిక్ పుట్టిస్తుంది.

కూలర్ తీసే ముందు పీసీని ఓ ఐదు నిమిషాలు నడిపితే పేస్టు కాస్త మెత్తబడుతుంది. ఎండిపోయిన పేస్టుతో బలంగా లాగితే బోర్డు వంగుతుంది. నాలుగు మూలల ప్లాస్టిక్ పిన్నులను బాణం గుర్తున్న వైపు పావు చుట్టు తిప్పి పైకి లాగాలి. పాత పేస్టును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, మధ్యలో బఠానీ గింజంత కొత్తది పెట్టండి. పూత పూయనక్కర్లేదు, కూలర్ బరువుకి తనే పరుచుకుంటుంది. బిగించేటప్పుడు పిన్నులను మొదటి స్థానానికి తిప్పి, ఎదురెదురు మూలలు జంటగా నొక్కండి, నాలుగూ టక్కుమనాలి. ఒక్క పిన్ను సరిగా దిగకపోయినా మళ్లీ 90లోనే ఉంటారు. అంతా అయ్యాక ఊరికే ఉన్నప్పుడు 40లలోకి రావాలి. మీ ఊళ్లో బయటే 42, 43 ఉన్న రోజు 50 దాకా ఉన్నా దిగులు పడకండి.

క్యాబినెట్ కంప్యూటర్ టేబుల్ అరలో తలుపు మూసి ఉంటే ఇదంతా వృథా. వెనకాల జానెడు ఖాళీ ఉండాలి. వెనక కార్డు స్లాట్ల మూతలు ఊడిపోయి ఉంటే పెట్టించండి, బల్లులు, చీమలు దూరేది అక్కడినుంచే. ఎస్‌ఎంపీఎస్‌లో బల్లి పడితే అది ఒక్కటే పోదు. లోపల పురుగుల స్ప్రే మాత్రం కొట్టకండి.

ర్యామ్ ఇప్పుడే కొనొద్దు. ఎస్‌ఎస్‌డీ వేశాక ఒక వారం టాస్క్ మేనేజర్‌లో మెమరీ చూడండి. మామూలు పనిలో 85 శాతం దాటుతుంటేనే రెండో 8 జీబీ స్టిక్కు. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగి ఉన్నాయి, అవసరం తేలాకే ఖర్చు. మీ ప్రాసెసర్ 2133 వేగంతోనే నడుపుతుంది, 3200 అని ఎక్కువ డబ్బు పెట్టినా అదే వేగం.

---

వోల్టేజీ_230:

11.2 అంటే ఎస్‌ఎంపీఎస్ పని అయిపోయింది, దాన్ని రిపేరు చేయించకండి. ఎస్‌ఎస్‌డీ దాని మీద పెట్టొద్దు కూడా, రాసే మధ్యలో కరెంటు తెగడం ఎస్‌ఎస్‌డీకి మంచిది కాదు. పేరున్న కంపెనీది 450 వాట్ల 80 ప్లస్ బ్రాంజ్ (కరెంటు తక్కువ వృథా చేస్తుందన్న గుర్తు) ఉన్నది తీసుకోండి, ఎక్కువ వాట్లకు వెళ్లక్కర్లేదు. ఒకటి చూసుకోండి: కొత్త మంచి ఎస్‌ఎంపీఎస్‌లలో యాక్టివ్ పీఎఫ్‌సీ (కరెంటును సమంగా లాగే సర్క్యూట్) ఉంటుంది, స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద అవి కొన్ని గీపెడతాయి, కొన్ని కట్టేసుకుంటాయి. ఇన్వర్టర్ ప్యూర్ సైన్ వేవ్‌దో కాదో దాని మీద రాసి ఉంటుంది.

విడిగా యూపీఎస్ పెట్టాలనుకుంటే 600 వీఏ చాలు. చాలా మోడళ్లలో అది 360 వాట్లు, మీ పీసీ, మానిటర్, రౌటర్ కలిపి 130 దాటవు. లోపల 12 వోల్టుల 7 ఏహెచ్ బ్యాటరీ, కొత్తదైతే ఫైళ్లు సేవ్ చేసి ఆపడానికి పది పదిహేను నిమిషాలు ఇస్తుంది, అందుకే పెట్టుకోవాలి, సినిమా పూర్తిచేయడానికి కాదు. రెండు మూడేళ్లకు బ్యాటరీ పోతుంది, కరెంటు పోగానే కుయ్‌మని ఆగిపోతే అదే గుర్తు. యూపీఎస్ పారేయకుండా బ్యాటరీ ఒక్కటి మార్చుకోండి. లేజర్ ప్రింటర్‌ను దీని మీద పెట్టొద్దు, దాని లోపలి హీటరు ఒక్కసారిగా వందల వాట్లు లాగుతుంది.

ఇంకొకటి. బయోస్‌లో రీస్టోర్ ఏసీ పవర్ లాస్ అనే సెట్టింగు పవర్ ఆన్ అని ఉంటే, కరెంటు పోయి ఆగిన పీసీ వచ్చిన వెంటనే తానే లేస్తుంది. దానివల్లే మీకు అది "రీస్టార్ట్"లా కనిపిస్తోంది. పవర్ ఆఫ్ అని పెట్టండి, వోల్టేజీ ఆడుతున్న నిమిషంలో నాలుగుసార్లు లేచి పడడం తప్పుతుంది.

---

ట్యాంక్‌బండ్_టెక్:

విండోస్ సంగతి ఎవరూ ఎత్తలేదు. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో అయిపోయింది. ఎస్‌ఎస్‌డీ మీద మళ్లీ 10 వేసుకుని బ్యాంకు పనులు చేస్తే ఎలా? ఆరో తరం ప్రాసెసర్ విండోస్ 11 జాబితాలో లేదు, ఇంటెల్‌లో దాదాపుగా ఎనిమిదో తరం నుంచే. రూఫస్ అనే పెన్‌డ్రైవ్ తయారుచేసే ప్రోగ్రాంతో ఆ తనిఖీలు దాటించి 11 వేసేయండి, నడుస్తుంది.

---

పాత_మదర్‌బోర్డు:

నడుస్తుంది నిజమే. బయోస్‌లో ఇంటెల్ పీటీటీ ఆన్ చేస్తే విండోస్ 11 అడిగే టీపీఎం 2.0 (భద్రతా చిప్పు) కూడా వస్తుంది, అడ్డం ప్రాసెసర్ జాబితా ఒక్కటే. కానీ అలా వేసినదానికి అప్‌డేట్లు వస్తూనే ఉంటాయని మైక్రోసాఫ్ట్ మాట ఇవ్వలేదు. ఏడాదికోసారి వచ్చే పెద్ద వెర్షన్ మామూలుగా అప్‌డేట్‌లో రాదు, మళ్లీ పెన్‌డ్రైవ్‌తో తనిఖీలు దాటించుకోవాలి. మార్చి నెలాఖరులో రిటర్నుల హడావిడిలో ఆ పని ఎవరు చేస్తారు? ఇంట్లో తెలిసినవాళ్లు ఉంటే సరే, లేకపోతే నేను చెప్పను.

ఈయనకి తేలికైన దారి విండోస్ 10కే పొడిగింపు. 22హెచ్2 వెర్షన్ ఉండి, మైక్రోసాఫ్ట్ అకౌంటుతో లాగినై, సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ పేజీలో ఎన్‌రోల్ అంటే 2026 అక్టోబరు 13 దాకా భద్రతా అప్‌డేట్లు వస్తాయి. సెట్టింగుల బ్యాకప్ ఆన్ చేస్తే ఉచితం. వద్దనుకుంటే 30 డాలర్లకు సమానమైన రుసుము కట్టాలి. ఒకే అకౌంటు మీద పది పీసీల దాకా. ఇది శాశ్వతం కాదు, ఆలోచించుకోవడానికి దొరికిన గడువు.

---

ట్యాంక్‌బండ్_టెక్:

ఒప్పుకుంటాను, టాలీ, డీఎస్‌సీ ఉన్నచోట ప్రయోగాలు వద్దు. పిల్లల క్లాసులకే అయితే లినక్స్ మింట్ చెప్పేవాణ్ని. తెలుగు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు అందులోనే ఉంటుంది, ఈ పీసీ మీద చక్కగా పరిగెడుతుంది. కానీ పేజ్‌మేకర్, అను, టాలీ మూడూ విండోస్ సరుకే.

ఆ ఐ7 గురించి మాత్రం చెప్పాలి. ఐ7 అన్న మాట ఒక్కటే చూసి కొనకండి, దాని వెనక నంబరు అడగండి. "ఐ7, 16 జీబీ, తక్కువ ధర" అని సికింద్రాబాద్ పార్క్‌లేన్ నుంచి చిన్న ఊళ్ల దాకా అమ్ముడయ్యే సెట్లలో ఎక్కువ ఐ7-2600లే. అది 2011 నాటిది, రెండో తరం, డీడీఆర్3 ర్యామ్. దానికి కొత్తగా చైనాలో తయారైన హెచ్61 బోర్డు, కొత్త క్యాబినెట్, రంగుల లైట్ల ఫ్యాను పెట్టి అమ్ముతారు, చూడ్డానికి కొత్తదే. ఒక్కో కోర్ వేగంలో మీ ఐ5-6500 కన్నా వెనకబడినదే, విండోస్ 11 జాబితాలో రెండూ లేవు. డబ్బిచ్చి నాలుగు తరాలు వెనక్కి వెళ్లడం.

2026 అక్టోబరు తర్వాత మార్చాలనుకుంటే రెండు దారులు. ఆఫీసుల నుంచి తీసేసిన ఎనిమిదో తరం పీసీలు, ఐ5-8500 లాంటివి, ఆరు కోర్లు, విండోస్ 11 జాబితాలో ఉన్నాయి. కొనేముందు అక్కడే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో పవర్ ఆన్ అవర్స్ చూడండి, యాక్టివేషన్ పేజీలో డిజిటల్ లైసెన్సు ఉందో లేదో చూడండి. ఇలాంటి వాటిలో చాలామటుకు ఎస్‌ఎంపీఎస్, బోర్డు సొంత కొలతలతో ఉంటాయి, పోతే బజారులో దొరికేది పట్టదు. షాపు ఎన్ని నెలల వారంటీ రాసిస్తుందో అదే ధరను తేల్చాలి.

కొత్తగా కట్టించుకుంటే ఐ3-12100 లేదా రైజెన్ 5 5600జీ మీ పనికి ఎక్కువే. అక్షరం దగ్గర జాగ్రత్త: ఇంటెల్‌లో చివర ఎఫ్ ఉంటే లోపల గ్రాఫిక్స్ ఉండదు, ఐ3-12100ఎఫ్ కొని మానిటర్ తగిలిస్తే తెర నల్లగానే ఉంటుంది, కార్డు విడిగా కొనాల్సి వస్తుంది. రైజెన్ 5000లో దానికి తిరగేసి, జీ ఉన్నదానిలోనే గ్రాఫిక్స్. ఎస్‌ఎంపీఎస్ ఇప్పుడు కొంటున్నది మంచిదే కొంటే అప్పుడు అదే వాడుకోవచ్చు, ఎస్‌ఎస్‌డీ కూడా. జీఎస్‌టీ బిల్లు మీద ప్రాసెసర్, బోర్డు, ఎస్‌ఎస్‌డీ, ర్యామ్ సీరియల్ నంబర్లు రాయించుకోండి. "కంప్యూటర్ సెట్ ఒకటి" అని రాసిన బిల్లుతో వారంటీ అడగడం కష్టం. ప్రాసెసర్ సీల్ ఉన్న డబ్బాలో ఇవ్వమనండి, విడిగా ట్రేలో వచ్చినదానికి కంపెనీ వారంటీ నేరుగా మీకు రాదు.

విండోస్ 11 కొత్తగా వేసి మైక్రోసాఫ్ట్ అకౌంటుతో లాగినైతే చాలా పీసీల్లో డిస్క్ ఎన్‌క్రిప్షన్ తానే ఆన్ అవుతుంది. ఆ బిట్‌లాకర్ రికవరీ కీని కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి. బోర్డు పోయిన రోజున డేటా తీయాలంటే అదే తాళంచెవి.

---

నంద్యాల_నోట్స్:

అయితే వరుస ఇదీ: ఈరోజు కాపీ, టాలీ సరెండర్. రేపు ఎర్తింగ్. ఎల్లుండి ఎస్‌ఎంపీఎస్, పేస్టు, ఎస్‌ఎస్‌డీ మూడూ ఒకే విప్పుడులో. పాత ఎస్‌ఎంపీఎస్ తీసేటప్పుడు ఏ వైర్లు మర్చిపోకూడదు?

---

వోల్టేజీ_230:

బోర్డుకి 24 పిన్నుల పెద్దది, ప్రాసెసర్ పక్కన మూల మీద 4 లేదా 8 పిన్నుల చిన్నది. ఈ రెండోది మరిచిపోతే ఫ్యాన్లు తిరుగుతాయి, తెర రాదు, బోర్డు పోయిందనుకుంటారు. ఎస్‌ఎస్‌డీకి ఎల్ ఆకారపు సేటా పవర్. అంతే. తీసేముందు ఫోన్‌తో లోపల ఫోటో తీసుకోండి, ముందు ప్యానెల్ స్విచ్ వైర్ల దగ్గర అదే ఆదుకుంటుంది. ఎర్తింగ్ అయ్యేదాకా మాత్రం కొత్త ఎస్‌ఎంపీఎస్ తగిలించకండి, ఒక రోజు ఆగినా నష్టం లేదు.